వేయి కన్నుల నడుమ ఒంటరి పీఠము



ఇంద్రకీలాద్రిపై వెలసిన అమ్మకు, ఆ కొండ పాదాలను ఒరసికొని ప్రవహించే కృష్ణవేణికి నమస్కరించి నేటి ప్రసంగాన్ని ఆరంభిస్తున్నాము.

ఈ సభలో రైతులున్నారు, వర్తకులున్నారు, దేవాలయాల ధర్మకర్తలున్నారు, సంఘాలకు అధ్యక్షులుగా ఎన్నికైనవారున్నారు, పెద్ద కుటుంబాలకు యజమానులున్నారు. ఏదో ఒక పీఠం మీద కూర్చున్నవారు మా వద్దకు వచ్చినపుడు తరచుగా రెండు మాటలు చెబుతూ ఉంటారు. మనసు విప్పి మాట్లాడుకొనేందుకు మనిషి లేకుండా పోయాడన్నది ఒకటి. ఏమి చేసినా వేయి కన్నులు చూస్తున్నాయన్నది రెండవది. ఎవరూ లేరన్నది ఒక బాధ, అందరూ ఉన్నారన్నది మరొక బాధ. ఈ రెండూ వేరువేరు కష్టాలని వారి తలంపు. మా తలంపు వేరు. మొదటి దానికి మందు రెండవ దానిలోనే ఉన్నదని మేమంటాము. దీనిని నిరూపించడానికి దూరదేశాల కథలు అక్కరలేదు. మన కొండ క్రిందివి, మన నది ఒడ్డువి చాలును.

బెజవాడను ఏలిన మాధవవర్మ కథ ఈ ఊరి పసిపిల్లలకు కూడా తెలుసును. రాజకుమారుడు రథమెక్కి వీథిలో వేగంగా పోతుండగా, చింతచిగురు అమ్ముకొని జీవించే ఒక పేదరాలి బిడ్డ చక్రాల క్రింద పడి మరణించాడు. ఆ తల్లి రాజు ముందుకు వచ్చి నిలిచి న్యాయమడిగింది. మాధవవర్మ విచారించి తన కుమారునికి మరణదండన విధించాడు. దండన అమలైన పిమ్మట రాజు ధర్మనిష్ఠకు సంతోషించి అమ్మవారు నగరం మీద కనకవర్షం కురిపించిందనీ, ఇద్దరు బాలురూ జీవించారనీ స్థలపురాణం. అమ్మకు కనకదుర్గ అన్న పేరు అందువల్లనే వచ్చిందని మన పెద్దలు చెప్పుకొంటారు. విష్ణుకుండిన రాజులలో మాధవవర్మ అనే పేరుగలవారు ఒకరికంటె ఎక్కువమంది ఉన్నారు. కథలోని మాధవవర్మ వారిలో ఎవరన్నది చరిత్రకారులు తేల్చుకోవలసిన విషయం. మనకు కావలసినది ఆ సభామంటపం.

ఈ కథ వినగానే అందరికీ గుర్తుకు వచ్చేది బంగారు వాన. మా మనసు మాత్రం ఆ వాన కురియడానికి ముందు గడచిన కాలం మీద నిలుస్తుంది. ఒక్కసారి ఆ సభను భావించి చూడండి. రాజు కూర్చున్నాడు. ఎదుట పేదరాలు. ప్రక్కన మంత్రులు. లోపల అంతఃపురంలో రాణి. కోట వెలుపల ఊరు ఊరంతా. ఈ రాజు ఏమి చేస్తాడో చూతమని కనురెప్ప వేయకుండా నిలిచి ఉన్నది. మాధవవర్మ ఎవరితో ఆలోచించగలడు? మంత్రులను అడిగితే వారు రాజు ముఖం చూచి, ఆ ముఖం ఏది కోరుతున్నదో దానికి శాస్త్రంలో చోటు వెదకుతారు. బుద్ధిపూర్వకంగా చేసినది కాదు గదా అని ఒకరు, గుఱ్ఱాలు బెదిరినవేమో అని ఒకరు, ఆ తల్లికి మాన్యమిస్తే సరిపోవును గదా అని మరొకరు. శాస్త్రం చదివినవారికి మార్గాలకు కొదువ లేదు, ఆ సంగతి మాకు బాగుగా తెలుసును. రాణిని అడుగుదామా అంటే ఆమెకు ఆయన రాజు కాడు, తన బిడ్డకు తండ్రి. కుమారుడా, తానే నిందితుడు. ఇక ప్రజలు. వారితో మొర పెట్టుకొనే అలవాటు రాజులకు ఎక్కడిది?

పీఠం ఒంటరిది అనడంలో ఉన్న అర్థం ఇదే. చుట్టూ మనుషులు లేక కాదు. చుట్టూ ఉన్న ప్రతివానికి రాజువల్ల ఏదో ఒక ఆశ, లేకున్న ఏదో ఒక భయం. ఆశగాని భయంగాని ఉన్నవాని నోట సగం నిజమే వస్తుంది. ఆ సభలో ఆశ, భయము రెండూ లేని ప్రాణి ఒక్కతే ఉన్నది. ఆమె ఆ చింతచిగురు అమ్ముకొనే స్త్రీ. పోగొట్టుకోవడానికి ఆమెకు ఏమీ మిగలలేదు. కాబట్టి ఆ దినం మాధవవర్మకు పూర్తి నిజం చెప్పినది ఆమె ఒక్కతే. తనను బోనులో నిలబెట్టడానికి వచ్చిన ఆమెయే ఆ సభలో ఆయనకు నిజమైన తోడు. ద్వారపాలకులు ఆమెను వాకిటనే ఆపి ఉంటే కుమారుడు దక్కేవాడు. కాని ఆ నాటినుండి రాజు ఎవరి కన్నులలోకీ సూటిగా చూడగలిగేవాడు కాడు. అంతకు మించిన ఒంటరితనం ఉన్నదా?

ద్రావిడ దేశంలో తిరువారూరులో మనునీతి చోళుని గురించి ఇట్టి కథయే చెబుతారు. అక్కడ రాజకుమారుని రథం క్రింద పడినది లేగదూడ. తల్లి ఆవు వచ్చి రాజద్వారాన ఉన్న గంట మ్రోగించింది. కథ మాదంటే మాదని రెండు దేశాలవారూ తగవులాడుకోనక్కరలేదు. తమ రాజు అట్లుండవలెనని ఉభయ దేశాల ప్రజలూ కోరుకొన్నారని గ్రహిస్తే చాలును. అయితే ఒక సూక్ష్మం గమనించండి. రెండు కథలలోనూ బాధపడినవారు రాజు దగ్గరకు రాగలిగారు. ఒకచోట గంట ఉన్నది, ఒకచోట తెరచిన వాకిలి ఉన్నది. వానిని అక్కడ ఏర్పాటు చేసినది రాజే. తనను నిలదీసే దారిని తానే కట్టించుకొన్నాడన్నమాట.

రామాయణం ఉత్తరకాండలో శ్రీరామచంద్రుడు భద్రుని పిలిచి, నన్ను గురించి పౌరులేమి అనుకొంటున్నారో మంచియే గాక చెడ్డ కూడా దాచక చెప్పమంటాడు. భద్రుడు చేతులు జోడించి చెప్పాడు. దానివలన జరిగినదానిని గురించి లోకంలో వాదాలు నేటికీ తెగలేదు, మేము ఆ వాదంలోకి పోవడం లేదు. మనం పట్టుకోవలసిన సంగతి వేరొకటి. గుండె పగిలే మాట చెప్పిన భద్రుని మీద రాముడు ఆగ్రహించలేదు.

ఇప్పుడు వేయి కన్నుల మాటకు వద్దాము. మన కొండ ఇంద్రకీలాద్రి. ఇంద్రునికి సహస్రాక్షుడని పేరు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మంత్రాలోచనను గురించి చెబుతూ దీనికి ఒక చక్కని అర్థం చెప్పాడు. ఇంద్రునికి ఉన్నవి రెండే కన్నులట. ఆయన మంత్రిపరిషత్తులో వేయిమంది ఋషులున్నారు, వారే ఆయనకు కన్నులు, అందుచేత రెండు కన్నులవానిని వేయి కన్నులవాడన్నారట. చూచితిరా! మనం వేయి కన్నులు మనలను చూస్తున్నవని బాధపడుతున్నాము. ఆ కన్నులతోనే తాను చూడడం నేర్చినవాడు ఇంద్రుడైనాడు.

ఆ కన్నులను పోగొట్టుకొన్న మహారాజు కథ కూడా మన నది ఒడ్డునే ఉన్నది. ఇక్కడినుండి కృష్ణవెంట దిగువకు పోతే ఘంటసాలకు సమీపంలో శ్రీకాకుళం అనే క్షేత్రం వస్తుంది. ఉత్తరాన సముద్రం దగ్గర ఉన్న శ్రీకాకుళం కాదు, మన డెల్టాలోనిది. ఆంధ్రమహావిష్ణువు అక్కడ కొలువై ఉన్నాడు. 1509లో సింహాసనమెక్కిన శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1515లో కొండవీడు గెలిచారు, అటుపిమ్మట మన ప్రక్కనున్న కొండపల్లి దుర్గాన్ని పట్టుకొన్నారు. ఆ యాత్రలోనే శ్రీకాకుళం చేరి హరివాసరం నాడు ఉపవసించగా స్వామి స్వప్నంలో సాక్షాత్కరించి గోదాదేవి కథను తెలుగున రచింపుమని ఆనతిచ్చారు. ఈ సంగతి రాయలే ఆముక్తమాల్యదలో చెప్పుకొన్నారు. ఆ గ్రంథంలోనే యామునాచార్యులు రాజ్యాన్ని కుమారునికి అప్పగిస్తూ రాజనీతి ఉపదేశిస్తారు. దుర్గాలు, మంత్రులు, చారులు, ధనాగారము, అన్నీ అందులో వచ్చాయి. సింహాసనం మీద కూర్చొని తెలుసుకొన్న నీతి అది.

అట్టి రాయలకు సాళువ తిమ్మరుసు మంత్రి. రాయలు ఆయనను అప్పాజీ అని పిలిచేవారు, అనగా తండ్రి అని. పట్టాభిషేకానికి ముందు అప్పాజీ రాయల చెంప మీద కొట్టాడని జనంలో ఒక కథ ఉన్నది. ఎందుకయ్యా అంటే, దండన ఎంత నొప్పియో ఎరుగనివాడు ఇతరులను దండించరాదు, రేపటినుండి నిన్ను కొట్టగలవాడు భూమిమీద ఉండడు, అందుకని ఈ దినమే కొట్టాను అన్నాడట. ఇది జరిగినదో లేదో మనం సాక్ష్యాలు అడగనక్కరలేదు. ఆ చక్రవర్తికి ఎదురు చెప్పగలిగిన మనిషి ఒకడున్నాడని ప్రజలు గుర్తించారు, ఆ గుర్తింపే కథగా నిలిచింది.

1524లో రాయలు తన పసి కుమారుడు తిరుమలరాయలకు పట్టం కట్టారు. కొలది కాలానికే ఆ బాలుడు జబ్బుపడి మరణించాడు. పుత్రశోకంలో ఉన్న రాజు చెవికి విషప్రయోగమన్న మాట సోకింది. అనుమానం తిమ్మరుసు ఇంటిమీదకు పోయింది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినదాని ప్రకారం రాయలు తిమ్మరుసును, ఆయన కుమారుని చెరలో వేయించి, వారి కన్నులు తీయించారు. అప్పాజీ నిర్దోషి అనియే మన తెలుగు జనుల నమ్మకం. 1529లో రాయలు గతించారు.

ఆ అయిదేండ్లను గురించి ఆలోచించినపుడెల్లా మాకు దిగులు కలుగుతుంది. శత్రువులు ఓడిపోయారు, సామంతులు పాదాక్రాంతులైనారు, కవులు చుట్టూ ఉన్నారు. కాని నీవు చేసినది తప్పు అనగలిగిన మనిషి లేడు. కౌటిల్యుని మాట ప్రకారం మంత్రి రాజుకు కన్ను గదా. రాయలు తీయించినవి ఎవరి కన్నులు?

ఇట్టిదే ధృతరాష్ట్రుడు కూడా చేయబోయాడు. పాండవులు అడవులకు పోయిన తరువాత విదురుడు హితం చెప్పగా, నీకు పాండవులమీదనే పక్షపాతం, ఉంటే ఉండు పోతే పొమ్మన్నాడు. విదురుడు పోయి అడవిలో ఉన్న పాండవులను కలుసుకొన్నాడు. ధృతరాష్ట్రుడు ఎక్కువకాలం ఓర్చుకోలేకపోయాడు. సభాద్వారం దగ్గర మూర్ఛపోయి, తెలివి రాగానే సంజయుని పంపి తమ్ముని పిలిపించుకొన్నాడు. పుట్టుగుడ్డి అయినా తన కన్ను ఎక్కడున్నదో ఆ మాత్రం ఎరుగును. అయితే పిలిపించుకొన్న తరువాత కూడా ఆ హితం పాటించలేదు. వినడానికి ఒకరిని దగ్గర ఉంచుకోవడం ఒకటి, విన్నది చేయడం వేరొకటి. కురుక్షేత్రం ఆ రెండింటి నడుమ ఉన్న దూరంలో జరిగింది.

మా పాఠశాలనుండి ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. వేదం చెప్పేచోట ఒంటరి గొంతుకు విలువ లేదు. ఒకరు ఘన చెబుతుంటే ఎదుటివారు ఉదాత్తానుదాత్త స్వరితాలను చెవులు రిక్కించి వింటారు. స్వరం జారితే అక్కడనే ఆపుతారు. ఆపించుకొన్నవాడు వెనుకకు వెళ్ళి అక్కడినుండి మరల చెప్పుకొని రావలెను. ఇందులో మర్యాదా లోపం లేదు. లిపి సాయం లేకుండ వేదం ఇన్ని తరాలు నిలిచినది ఈ పరస్పర పరిశీలనవల్లనే. మా గురువుగారికి వయస్సు మీరి కీర్తి పెరిగిన తరువాత సభలలో వారిని ఆపే ధైర్యం తోటి పండితులకు కూడా ఉండేది కాదు. అది వారికి నచ్చలేదు. పారాయణకు కూర్చొనేటపుడు పన్నెండేండ్ల విద్యార్థి నొకనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఒరే అబ్బాయీ, నేను జారితే నా మోకాలు తట్టు. తట్టకపోతే సాయంత్రం నీకు పాఠం లేదు" అనేవారు. ఒకనాడు నిండు సభలో ఆ పిల్లవాడు వణకుతూ తట్టాడు. గురువుగారు ఆగి, వెనుకకు పోయి, మరల చెప్పారు. ఆ దినం తమకు వచ్చిన సంభావనలో సగం ఆ పిల్లవాని ఉత్తరీయంలో కట్టి పంపించారు. వారు మంత్రులు లేని రాజు. అయినా కన్ను ఒకటి సంపాదించుకొన్నారు.

పరిశీలనకు తలయొగ్గినవానికి పదవి నిలుస్తుందని మేము చెబుతున్నామని అనుకోవద్దు. నిలవకపోవచ్చును. దీనికి సాక్ష్యం మన కృష్ణమీదనే, 1223 మీటర్ల పొడవున నిలిచి ఉన్నది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు ఆ బ్యారేజికి ఊరకే రాలేదు. మదరాసులో బారిస్టరుగా లక్షలు గడించి, 1921లో వృత్తి విడిచి, ఉన్నదంతా స్వరాజ్య పత్రికకు, దేశసేవకు ధారపోసిన మహనీయుడు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినపుడు మదరాసులో పోలీసు తుపాకులకు రొమ్ము చూపినవాడు. అట్టివారిని కూడా లోకం విడిచిపెట్టలేదు. ప్రజలు తమకు సమర్పించిన నిధుల విషయంలో సాక్షాత్తు గాంధీ మహాత్ముడే వారిని ప్రశ్నించారు. ప్రజలు నా మీద ప్రేమతో నాకిచ్చారు, నేను వాడుకొన్నాను అని పంతులుగారు దాపరికం లేకుండ చెప్పారు. ఆ సమాధానం సరియైనదా అన్నదానిలో అభిప్రాయభేదాలు ఉండవచ్చును. సమాధానం దాచలేదన్నదానిలో ఉండదు. 1946లో మదరాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయినారు. ఏడాది తిరగకముందే స్వపక్షంవారే దింపివేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు తొలి ముఖ్యమంత్రి అయినారు. 1954 నవంబరులో మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ఆ ప్రభుత్వం పోయింది. వారిది మొండిపట్టు అని తప్పుపట్టిన సహచరులున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉండియే ఉంటుంది, సింహాన్ని కేసరి అని పిలిచి సాధుజంతువుగా ఉండమంటే ఎట్లా?

ఆ కొలది కాలంలోనే వారు పట్టుపట్టిన పని ఈ బ్యారేజి. 1855లో పూర్తి అయిన పాత ఆనకట్ట 1952 వరదలో గండిపడింది. డెల్టాలోని లక్షల ఎకరాల భూమి ఆ నీటిమీద బ్రతికేది. క్రొత్త బ్యారేజి 1957లో పూర్తి అయింది. అదే సంవత్సరం వేసవిలో ఒంగోలు ప్రాంతపు పేటలలో ఎండలో తిరిగి, వడదెబ్బ తగిలి, మే 20న పంతులుగారు కన్నుమూశారు. అప్పటికి పదవి లేదు, ధనం లేదు. వయస్సు 84 సంవత్సరాలు. పేదల వాడలకు పోవడం మాత్రం మానలేదు. శాసనసభలో ఒంటరి అయినవాడు ఆ పేటలో ఒంటరి కాడు. దాచుకొన్నది ఏమీ లేనివానికి ఎవరి ఎదుటనైనా కూర్చొనే స్వేచ్ఛ ఉంటుంది. రాయలకు హంపీలో దొరకనిది పంతులుగారికి ఆ ఎండలో దొరికింది.

చిన్న పీఠాలకూ ఇదే ధర్మం. డెల్టాలో కాలువకు నీరు వదలినపుడు మన రైతులు మొదట చూచేది ఆకాశం వంక కాదు, నీటి సంఘం అధ్యక్షుని చేను వంక. ఆయన తూము ముందుగా తెరచుకొన్నదా, శివారు భూములకు నీరు చేరిన తరువాత తెరచుకొన్నదా అని. ఆయనకు అది కష్టంగానే ఉంటుంది. చేను తడిసినా మాటే, ఎండినా మాటే. మాకు తెలిసిన ఒక పెద్దమనిషి దీనికొక ఉపాయం చేశాడు. నీరు వచ్చిన దినాన శివారు రైతులలో తనను అందరికంటె ఎక్కువగా తిట్టేవానిని వెంటబెట్టుకొని కాలువగట్టు మీద ఆ చివరివరకు నడిచేవాడు. ఎక్కడ నీరు ఆగినదో, ఎందుకు ఆగినదో ఇద్దరూ కలిసి చూచేవారు. మొదటి సంవత్సరం దారి పొడుగునా తిట్లే. మూడవ సంవత్సరానికి ఆ రైతు తన ఇంటినుండి ఇద్దరికీ అన్నం మూట కట్టుకొని వచ్చేవాడట.

ఇంతవరకు పీఠం మీద ఉన్నవారితో మాట్లాడాము. క్రింద కూర్చొని చూచేవారితో కూడా ఒక మాట. మీకు చూచే అధికారం ఉన్నది, అడిగే అధికారం ఉన్నది. కాని భద్రుడు రాముని ఎదుట చెప్పాడు. చింతచిగురు అమ్ముకొనే తల్లి సభకు వచ్చి చెప్పింది. మా పాఠశాల పిల్లవాడు ప్రక్కన కూర్చొని తట్టాడు. వీరిలో ఎవరూ టీ కొట్టు దగ్గర చెప్పి ఊరుకోలేదు. ధర్మకర్తల లెక్కలు గోడమీద అంటించి ఉంటాయి, చదివేవారు తక్కువ, చదవకుండా అనుమానించేవారు ఎక్కువ. హుండీ లెక్కించే దినం సాక్షులుగా రమ్మని మైకులో పిలిస్తే వచ్చేవారు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. ఈ ఆలయంలో రాబోయే లెక్కింపు వివరాలు కార్యాలయం ముందు బోర్డు మీద వ్రాసి ఉన్నవి. సందేహం ఉన్నవారు ముందు వరుసలో కూర్చొనవచ్చునని ధర్మకర్తలు మాతో చెప్పారు, మిమ్ములకు తెలుపమన్నారు.

అమ్మవారి నివేదన గంట వినిపిస్తున్నది. తీర్థప్రసాదాలు స్వీకరించి, కొండ మెట్లు దిగేటపుడు వృద్ధులకు చేయూత ఇచ్చి వెళ్ళవలసినదిగా కోరుతున్నాము.

స్వస్తి.